నుదుటికి ఆనని చెయ్యి

ఎనభైల మొదట్లో పెదకాకాని దగ్గర ఒక ఊళ్ళో నాకు టీచరుగా మొదటి ఉద్యోగం. గుంటూరు టౌన్లో పెరిగినదాన్ని. మిరపకాయల గురించి నాకు తెలిసిందల్లా పచ్చడి రుచే. దేశభక్తి గురించి మాత్రం నాకన్నా తెలిసినవాళ్ళు లేరనుకునేదాన్ని.

ఆ జనవరి ఇరవై ఆరున పిల్లలంతా జెండాకి సెల్యూట్ చేస్తుంటే, ఏడో తరగతి పిల్ల ఒకతి చెయ్యి నుదుటికి ఆనించకుండా బెత్తెడు దూరంలో ఆపేసింది. "సరిగ్గా పెట్టు" అన్నా కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. "దేశమంటే గౌరవం లేనిదానివి, నీకు బడెందుకు?" అని అందరి ముందూ దులిపేశాను. పిప్పరమెంటు బిళ్ళలు పంచేటప్పుడు కూడా పక్కన నిలబెట్టాను. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రావడం మానేసింది.

నాలుగు రోజులాగి వాళ్ళమ్మ వచ్చింది.

"జెండా పండగ ముందురోజంతా నాతో మిరపకోతకొచ్చిందండీ. ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదు. చెయ్యి కళ్ళ దగ్గరికి పోనివ్వొద్దని నేనే చెప్పా. ఇంక కూలికే తీసుకుపోతాలెండి. అక్కడైతే దాన్నెవరూ ఇట్టా అనరు."

సిగ్గుతో చచ్చిపోయాను. అందరి ముందూ తిట్టాను కాబట్టి అందరి ముందే తప్పు ఒప్పుకుంటానని హెడ్మాస్టరు గారితో అన్నాను.

"రేపటి నుంచి పిల్లలు మన మాట వింటారా అమ్మా?" అన్నారాయన.

ఆ భయం నాకూ లేకపోలేదు. కానీ నా నోటి దురుసుకి ఒక పిల్ల చదువు ఆగిపోతోంది.

ఆదివారం వాళ్ళు కోతకెళ్ళిన మిరపచేలోకి వెళ్ళి, పిల్లని బడికి పంపమన్నాను. "దాన్నే అడగండి" అంది వాళ్ళమ్మ. ఆ పిల్ల తలెత్తకుండా కాయలు కోస్తూనే ఉంది. నేనూ పక్క వరసలో కాయలు కోయడం మొదలుపెట్టాను. కాసేపటికి చెమట తుడుచుకోబోయాను.

"కళ్ళు ముట్టుకోకండి టీచర్!" అని అరిచింది. కూలీలంతా ఘొల్లున నవ్వారు. ఆ పిల్లకీ నవ్వాగలేదు. "తప్పు నాదేనమ్మా, రేపు రా" అన్నాను.

సోమవారం వచ్చింది. ప్రార్థన అయ్యాక, ఏం జరిగిందో కనుక్కోకుండా తిట్టడం నా తప్పని అందరి ముందూ చెప్పాను. కొంపలేం మునగలేదు. పిల్లలు ఎన్నడూ లేనంత శ్రద్ధగా విన్నారు.

క్లాసులకి వెళ్తుంటే ఆ పిల్ల వెనక్కొచ్చి, మెల్లగా అడిగింది.

"అయితే టీచర్, నాకు దేశమంటే గౌరవం ఉన్నట్టేనా?"

పన్నెండేళ్ళ పిల్లకి ఆ అనుమానం పెట్టింది నేనే.

"ఉంది తల్లీ. లేదనడానికి నేనెవర్ని?"

"అమ్మయ్య!" అని క్లాసులోకి పరిగెత్తింది.