అత్తగారి కొలత రవిక

ఆ రోజుల్లో రవిక అంటే కొలతకు ఆది రవిక పట్టుకెళ్లి దర్జీకివ్వడం, పండగ వెళ్లిన మూడోనాడు తిట్టుకుంటూ తెచ్చుకోవడం. కుట్టి సిద్ధంగా ఉన్నది కొనుక్కోమంటే ఎంగిలి విస్తట్లో తినమన్నట్టు చూసేవారు. అటువంటి అరవైల మొదట్లో, జగ్గయ్యపేటలో బట్టల కొట్టు నడిపే మా అత్తగారికి నందిగామలో రెండో కొట్టు పెట్టి, కుట్టిన రవికలే అమ్మాలని బుద్ధి పుట్టింది. "దసరా దాకా చూస్తా. అమ్ముడుపోకపోతే తాళమేసి ఇంటికొచ్చేయండి" అన్నారు మామగారు. ఎస్సెల్సీ దాకా చదివానని ఆ కొట్టు కొత్తకోడలినైన నాకు అప్పగించారు. (చదువుకీ రవికలకీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. రోజూ బస్సెక్కే యోగం పోతుందని నేనసలే అడగలేదు.)

కొలతలు మూడు. సన్నగా ఉండే నావి, కాస్త ఒళ్లున్న మా తోడికోడలివి, నిండుగా ఉండే మా అత్తగారివి. తేలిగ్గా గుర్తుంటుందని కట్టలకు చిన్నకోడలు, పెద్దకోడలు, అత్తగారు అని చీటీలు రాసి కట్టాను. ఆ తెలివే మా కొంప ముంచింది. వచ్చినావిడ ఎంత నిండు మనిషైనా చీటీ చూసి, "అత్తగారిదా? నేనేమన్నా ముసలిదాన్నా? ఆ చిన్నకోడలిది ఇవ్వు" అనేది. "అది మీకు పట్టదేమోనండీ" అంటే మొహం మాడ్చుకునేది. సరేనని ఇచ్చాను. వారం తిరక్కుండా ఒకావిడ చంక దగ్గర చిరిగిన రవికతో తిరిగొచ్చింది. "పెళ్లిలో వడ్డిస్తా చెయ్యెత్తితే పర్రుమందమ్మాయ్. పప్పు గిన్నె వదిలేసి పైట పట్టుకున్నా. పప్పు పోయి వియ్యపురాలి మీద పడింది" అంది. ఆవిడ వెనకే మరో నలుగురు.

దసరా ఇంకా పది రోజులుందనగా ఎవరికీ చెప్పకుండా చీటీలు తారుమారు చేశాను. పెద్ద రవికల కట్ట చిన్నకోడలైపోయింది. రెండు రోజులు బేరాలు బాగానే సాగాయి. మూడో రోజు మా అత్తగారు బస్సు దిగారు. కొట్టునిండా ఆడవాళ్లు, అందులో ఆ పప్పు గిన్నె ఆవిడ కూడా. అత్తగారు ఒక రవిక తీసి భుజాలకు ఆనించుకుని, చీటీ చదివారు.

"ఇది నీ కొలతేమిటే?"

"అందరూ ఆ చీటీయే అడుగుతున్నారత్తయ్యా" అన్నాను.

ఆవిడ చీటీ తెంపేసి, తెర వెనక్కి వెళ్లి, ఆ రవిక తొడుక్కొచ్చారు. "ఇది నా కొలతమ్మా. ఇద్దరు కొడుకుల్ని కని, కొట్టు నడిపి, తిన్నది ఒంటబట్టిన ఒళ్లు. చెయ్యి హాయిగా లేస్తోంది చూడండి" అంటూ పై అరలోని అదే కొలత కట్ట దించి చూపించారు. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. "అయితే నాకూ మీదే ఇప్పించండి" అంది పప్పు గిన్నె ఆవిడ. సాయంత్రానికి ఆ కట్ట ఖాళీ.

మామగారు మళ్లీ తాళం మాట ఎత్తలేదు. తర్వాత కంచికచర్లలో, మైలవరంలో కూడా కొట్లు పెట్టాం. నందిగామ కొట్టు నా తెలివితోనే నిలబడిందని చాలా ఏళ్లు వచ్చినవాళ్లందరికీ చెప్పేదాన్ని. అత్తగారు పక్కనే కూర్చుని చీరలు మడత పెడుతూ, తలెత్తకుండా వినేవారు. ఒక్కసారైనా కాదనలేదు. ఇప్పుడు తలుచుకుంటే, నవ్వు ఆపుకోవడానికి పాపం ఎంత అవస్థ పడ్డారో అనిపిస్తుంది.