తడిక వెనక పెద్దమ్మ

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతులు ఖాళీగా ఉంటే ఈ చింతపండులో గింజ తీస్తూ వినండి. ఈ పుల్లటి వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు మళ్లీ ఏడేళ్లు వస్తాయి.

అప్పుడు నేను కరిచేదాన్ని. తమ్ముడు పుట్టాక మొదలైంది. సుక్మా దారిలోని మా పల్లెలో ఎండాకాలమంటే తెల్లవారుతూనే ఇప్పపువ్వు ఏరడం, పొద్దెక్కాక చల్లటి జావ తాగడం, మధ్యాహ్నం నీడపట్టున చింతపండు ఒలవడం, ఈలోగా నేను వాడి చేతి మీద పళ్లు దింపి దెబ్బలు తినడం. "హాస్టల్ల ఏస్త దీన్ని" అని అమ్మ నా గౌన్లు మూట కట్టేసింది.

అడ్డుపడింది అమ్మ వాళ్లక్క, మా పెద్దమ్మ. "మూడు సంతలు ఆగే చెల్లె" అంది, అంటే మూడు వారాలు. నన్ను ఒక్క మాట అడగలేదు, అమ్మనే అడిగింది.

"ఇది కరిస్తే నువ్వేంజేస్తవ్?"

"ఏంజేస్త? ఉరికొచ్చి రెండు తగిలిస్త."

"కరవనప్పుడు?"

"అప్పుడేముంది? నా పని నేను జేస్కుంట."

మర్నాటి నుంచి రోజూ కాసేపు అమ్మ నా ఎదురుగా కూర్చుని చింతపండు ఒలవాలి, నేను చేసేది చేసినట్టు పైకి చెప్పాలి, తిట్టకూడదు. మాట తోచకపోతే అందించడానికి పెద్దమ్మ వెదురు తడిక వెనక దాక్కునేది. దాక్కున్నానని ఆమెకే నమ్మకం. చుట్ట వాసన ముందే లోపలికి వచ్చేది.

"పెద్ద గింజ తీసింది నా బిడ్డ" అని తడిక గొణిగేది. అదే మాట అమ్మ అప్పజెప్పేది.

రెండో సంత దాటాక, అమ్మ ఏం చేస్తుందో చూద్దామని చాట తన్నాను. గింజలన్నీ చెదిరాయి. అమ్మ చెయ్యి లేచింది.

"జూడకు. ఒలువు" అంది తడిక.

చెయ్యి దిగింది. ఎంతసేపటికీ దెబ్బ పడకపోతే ఏం చేయాలో తెలియక, ఒక్కో గింజా ఏరసాగాను.

"మొకం గట్ల మాడ్చుకోకే, జర నవ్వు" అని తడిక అమ్మను గదిమింది. అలవాటు మీద అమ్మ అదీ నాకు అప్పజెప్పింది.

"అది నీకు చెప్పింది అమ్మా!" అన్నాను.

తడిక దగ్గింది. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది, నా మొహంలోకే చూస్తూ. నేను ఎవరినీ కరవకుండానే.

మూడో సంత రోజు అమ్మ ఆ మూట విప్పి, అందులోని గౌనొకటి నాకు తొడిగి సంతకు తీసుకుపోయింది. ఆ తర్వాతా ఒకట్రెండు సార్లు కరిచాను, అబద్ధమెందుకు.

మొన్న మా మనవరాలు సామాన్లు విసిరేస్తోందని సుక్మాలో చూపిస్తే, కౌన్సిలింగ్ మేడం కోడలికి సరిగ్గా పెద్దమ్మ మాటలే చెప్పింది.

"యాడ నేర్చినవ్ బిడ్డా?" అని మేడంను అడిగాను.

"రాయ్‌పూర్‌లో చదువుకున్నా అమ్మమ్మా."

మరి సంత దాటి ఎరగని పెద్దమ్మకు ఎవరు నేర్పారో! అడగాలని తోచేసరికి ఆమె లేదు. చుట్ట వాసనా లేదు, తడికా లేదు. ఇప్పుడన్నీ సిమెంటు గోడలు, గుసగుస దాటదు. అందుకే నేను కోడలి వీపు వెనకే చాట పెట్టుకుని కూర్చుంటున్నాను.

నిన్న మనవరాలు గింజ తీస్తూ, తలెత్తకుండానే అంది: "నువ్వే చెప్తున్నవ్ గదా నానమ్మా?"

దొరికిపోయాను.

మీ ఇంట పిల్లల పళ్లు నవ్వడానికే కనబడుగాక. మీ చాటలో గింజలకూ, వాటిని చెదరగొట్టే కాళ్లకూ ఏనాడూ కొరత రాకుండుగాక.