నీళ్లు తాగని గడ్డి

ఎరువుకూ నీళ్లకూ విడివిడిగా బేరమాడి, నీళ్లు దండగని తేల్చిన ఘనత గోదావరిఖని కిరాణా వీధి మొత్తంలో నాదే. బర్రె కోసం వేసిన గడ్డికి ఇంజనుతో నీళ్లు పెట్టించే కిరాయి మిగిల్చి, కొసరుతో సహా యూరియా తెచ్చి చల్లాను. ఒక జల్లు పడి వాన మొహం చాటేసింది. గడ్డి ఎదగలేదు గానీ నల్లబడేంత పచ్చగా నిలిచింది.

నలుగురికీ చూపించుకుందామని పిడికెడు కోసుకుని బసంత్‌నగర్ వెళ్లాను. తిరుగు బస్సులో పక్క సీటు పెద్దాయన ఒళ్లో రెండు పలుపుతాళ్లున్నాయి. పశువు లేని తాళ్లు చవకగా వస్తాయనిపించింది.

“కాకా, ఒకటి అమ్ముతవా?”

ఆయన నా గడ్డినే చూశాడు. “ఎరువు మస్తుగ దంచినవ్. మరి నీళ్లు?”

“పైనుంచి ఉత్తగ పడేదానికి పైసలెందుకు పెట్టాలె?”

“నేను గూడ గట్లనే అనుకున్న. నీళ్లందకపోతే ఆ ఎరువు గడ్డిలనే విషమై కూసుంటది బిడ్డా. నా ఎడ్లు రెండు మేసినయ్. పొద్దుగూకకముందే ఊపిరాడక పడ్డయ్.”

నా చేతిలోని గడ్డి లాక్కుని కిటికీలోంచి పారేసి, చెయ్యి ధోవతికి గట్టిగా తుడుచుకున్నాడు.

“నీ బర్రె మేసిందా?”

“ఇంటికాడ ఈపాటికి వేస్తుంటరు.”

“అయితే తాడు బేరం రేపు చేద్దాం,” అన్నాడు, నవ్వకుండా.

బస్సు దిగి పరుగెత్తాను. మా ఆవిడ అప్పటికే మోపెడు వేసింది.

చివరి లెక్క నిజాయితీగా చెబితే, ఇంజను కిరాయి మిగిలింది. కొసరు యూరియా కొంత మిగిలింది. బర్రె పలుపుతాడు కూడా మిగిలింది.