ఒకటి నొక్కిన వీధి

ఆదిశేషమ్మకు బాగాలేదని చెప్పడం చేతకాదు. పెళ్లిలో పులుసు ఉప్పుకషాయంలా ఉన్నా, "బ్రహ్మాండంగా ఉండాది" అని మారు పోయించుకునే మనిషి. మా వీధంతా ఆ బాపతే. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక మా వైపు బోర్లన్నీ ఉప్పెక్కాయి. వీధి కుళాయిలో వచ్చేదీ ఆ నీళ్లే. పప్పు ఉడకదు, టీ విరిగిపోతుంది. మంచినీళ్లకు ఆదిశేషమ్మ కాలవ దాటి పోవాలి. నాట్లకు వంగి వంగి మోకాళ్లు ఎప్పుడో అరిగాయి. వస్తూ వస్తూ బిందె మా అరుగు మీద దించి, "ఇంక నా వల్ల కాదు తల్లీ" అంటుంది. మర్నాడు మళ్లీ పోతుంది.

ఈమధ్య ప్రభుత్వమే నెలనెలా ఫోన్ చేసి అడుగుతోంది. "మీ వీధి తాగునీటితో సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కండి." ఆ జవాబులన్నీ లెక్కగట్టి వెబ్‌సైట్‌లో పెడతారు. ఎవరైనా చూసుకోవచ్చు, దాపరికం లేదు. కానీ ఆ గొంతు వినగానే మా వాళ్లకు గుర్తొచ్చేది ప్రభుత్వం కాదు, భానుప్రియ. మా ఊరి సచివాలయంలో పనిచేసే పిల్ల, మా వీధిలోనే అద్దెకుంటుంది. ఆదిశేషమ్మ పింఛను ఆగిపోతే ఆఫీసుల చుట్టూ తిరిగి తెప్పించింది. రెండు నొక్కితే ఆ పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టినట్టేనని వీధంతా ఒకటి నొక్కుతూ వచ్చింది.

గ్రామసభలో ఇంజనీరు తెర మీద ఆ జవాబుల పటం చూపించాడు. పక్కూరు ఎర్రగా ఉంది, మా వీధి పచ్చగా ఉంది. కొత్త పైపులైను ముందు పక్కూరికేనట.

ఆదిశేషమ్మ లేచింది. "మాకు నీళ్లు బాగుండాయని ఎవురు చెప్పినారు సార్?"

"మీరే చెప్పారమ్మా."

ఆమె మెల్లగా కూర్చుండిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరిని తిట్టాలో మాత్రం తెలియలేదు.

మర్నాటి నుంచి బిందె మోస్తూనే గడప గడప దగ్గరా ఆగింది. "ఈసారి రెండు నొక్కండమ్మా, మీకు దండం పెడతా." అందరూ తలలూపారు.

ఆ నెల ఆమెకు ఫోన్ వచ్చేసరికి మా అరుగు మీదే కూర్చుని రొప్పుతోంది. ఆఫీసుకు పోతున్న భానుప్రియ ఆగింది.

"రెండు నొక్కితే నిన్నేమన్నా అంటారా అమ్మణ్ణీ?"

"సంజాయిషీ అడుగుతారు పెద్దమ్మా."

"నీకూ వస్తాది గదా ఫోను. నువ్వేం నొక్కుతావు?"

భానుప్రియ తల దించుకుంది. "ఒకటే."

ఫోన్లో గొంతు అడిగిందే మళ్లీ అడిగింది. "నీ మీద కాదమ్మా, నీళ్ల మీద" అని ఆదిశేషమ్మ రెండు నొక్కింది.

నెల తిరిగాక భానుప్రియ తనే వచ్చి ఫోన్ తెరిచి చూపించింది. మా వీధి ఇంకా పచ్చగానే ఉంది. కింద చిన్న అక్షరాల్లో, సంతృప్తి లేనివారు ఇద్దరు.

"రెండోది నాదే పెద్దమ్మా" అంది.

"నీకెందుకమ్మా ఈ తిప్పలు" అని ఆదిశేషమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. మా ఇంట్లో ఫోన్ మా ఆయన దగ్గరుంటుంది. ఏం నొక్కావని ఇంక నేను అడగనక్కరలేదు.

ఆదిశేషమ్మ కళ్లు తుడుచుకుని బిందె చంకనెత్తుకుంది. పొయ్యి మీదికి నీళ్లు కావాలి గదా. తలలూపిన వాళ్లంతా గడపల్లో నిలబడి, "పోయొస్తావా అక్కా" అని ఆప్యాయంగా పలకరించారు.