రెండు పుట్టినరోజుల చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందన్న కబురు నాకు కువైట్‌లో, షువైఖ్ షెడ్డులో లారీ టైరు విప్పుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె పనిచేసే ఇంటి డ్రైవరు. "భాయ్, మీ చిన్నమ్మ ఖలాస్" అన్నాడు హిందీలో. ఇక్కడ డ్యూటీ అయిపోయినా ఖలాస్ అంటాం, గ్యాస్ బండ అయిపోయినా ఖలాస్ అంటాం. మనిషికి కూడా ఆ మాటే వాడతారని ఆ రోజే తెలిసింది. బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కిందట. ఎంతసేపటికీ దిగి రాకపోతే వెళ్లి చూశారట. గుండె ఆగిపోయింది.

ఆమె మా అమ్మకు చెల్లెలు. కడప జిల్లాలో మా పల్లె నుంచి పదిహేడేళ్ల కిందట కువైట్ వచ్చింది. ఆ పదిహేడేళ్లూ హవల్లీ దగ్గర ఒకే ఇంట్లో, ఒకే మామా దగ్గర పనిచేసింది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు. నేను తొమ్మిదిలో బడి మానేసి ఊరి మీద తిరుగుతుంటే, ఆ మామాను బతిమాలి నాకు వీసా తీయించింది కూడా ఆమే. వచ్చిన ఐదేళ్లలో నేను నాలుగు పనులు మారాను. ఒక్కచోట ఉండబుద్ధి కాదు నాకు. ఎందుకని అడిగితే చెప్పలేను.

శుక్రవారం పొద్దున నేను వెళ్లేవాణ్ణి. ఇంట్లోకి రానివ్వరు. ఆమెను బయటికి పంపరు. కానీ చెత్త పారేయాలి కదా. వీధి చివర పెద్ద ఇనప చెత్తడబ్బా ఉంటుంది. పది గంటలకు రెండు నల్ల సంచులు పట్టుకుని వచ్చేది. ఆ వీధిలో పనిచేసే ఆడవాళ్లందరూ తమవాళ్లను కలుసుకునేది అక్కడే. మాకు పది నిమిషాలు. అందులో మొదటి రెండు నిమిషాలూ నా చొక్కా మురికి గురించి తిట్టేది. మిగతా ఎనిమిది నిమిషాలూ ఇంగ్లండు రాణి కథ.

మీకు నవ్వు రావచ్చు. నాకూ మొదట్లో వచ్చింది. ఆ ఇంటి కింది వాటాలో ముసలి ఇంగ్లీషు టీచరమ్మ ఒకామె అద్దెకుండేది. మామా రోజుకో గంట చిన్నమ్మను ఆమె దగ్గరికి సాయానికి పంపేది. టీచరమ్మ గోడ మీద రాణి ఫోటో ఉండేదట. చిన్నమ్మ దాని దుమ్ము తుడుస్తుంటే టీచరమ్మ కథ చెప్పేదట. వాళ్లిద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవారో నాకిప్పటికీ తెలియదు. కానీ ఆ రాణి గురించి మా చిన్నమ్మకు తెలిసినంత మా జిల్లాలో ఇంకెవరికీ తెలిసి ఉండదు.

"సూడు నాయనా, ఆయమ్మ ఇరవై ఐదేండ్లకు పనిలో చేరింది. ఇంగా మానలే. నువ్వు ఐదేండ్లకు నాలుగు మారితివి."

"జీతం బాగుంటాదేమోలే చిన్నమ్మా."

"జీతం సంగతి నాకేం తెలుసురా. రాజీనామా మాత్రం లే. ప్రాణం పొయ్యేదాకా డ్యూటీనే అంట."

"అయితే నీ మాదిరే."

"నా మాదిరే. ఆమెకు నెత్తిన కిరీటం, నాకు చేతిలో చెత్త సంచి. తేడా అంతే."

ఇంకోసారి చెప్పింది. దేశమంతా ఆమెదేనట గానీ ఏదీ ఆమె చెప్పినట్టు జరగదట. "కాగితాలు వాళ్లు తెస్తారు, ఈమె సంతకం పెట్టాల. ఇది నాకు నచ్చలే అనేదానికి లే. బాధొచ్చినా చెప్పుకునేదానికి లే. మిద్దె మింద నిలబడాల, చెయ్యి ఊపాల, లోపలికి పోవాల." ఈ చివరి మాట ఆమెకు ఊతపదం అయిపోయింది. మామా కేకలేసిందనో, నడుము నొప్పి అనో నేను కదిలిస్తే, "ఏముందిరా. నిలబడాల, చెయ్యి ఊపాల, లోపలికి పోవాల" అనేది.

నిజంగానే ఊపేది. పది నిమిషాలయ్యాక ఆమె లోపలికి వెళ్తే, నేను ఎదురు గోడ పక్కన నిలబడేవాణ్ణి. కాసేపటికి బట్టల బుట్టతో మిద్దె మీద కనిపించేది. చెయ్యి ఎత్తి, మోచెయ్యి కదలకుండా, మణికట్టు దగ్గర మాత్రం మెల్లగా తిప్పేది. టీచరమ్మ నేర్పిందట. అలా అయితే ఎంతసేపు ఊపినా చెయ్యి నొప్పి పుట్టదట.

అన్నిటికన్నా ఆమెకు నచ్చింది రాణికి రెండు పుట్టినరోజులుండటం. ఒకటి నిజంగా పుట్టిన రోజు, ఇంకోటి జూన్‌లో సర్కారు జరిపేది. "జూన్‌లో వాతావరణం బాగుంటాదని మార్చుకున్నారంటరా" అని చెత్తడబ్బా పట్టుకుని మరీ నవ్వింది. ఆ రోజు జూన్ నెలే. ఇనుము అంటుకుని చెయ్యి కాలి, గబుక్కున తీసేసింది.

మా చిన్నమ్మకూ రెండు పుట్టినరోజులు. ఆమె బయల్దేరేటప్పుడు ఇరవై రెండేళ్లు. ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లకు ముప్పై నిండాలని రూలు. కడుపున పుట్టిన ఏడాది పిల్లను మా అమ్మ ఒళ్లో పెట్టి వస్తున్న మనిషికి రూలు అడ్డమా? ఏజెంటు తొమ్మిదేళ్లు కలిపి పాస్‌పోర్టు చేయించాడు. మావైపు చాలామంది ఆడవాళ్లు ఇలాగే వచ్చారు. ఇందులో దాచేదేమీ లేదు.

"కాగితంలో నేను మా అక్క కంటే పెద్దదాన్ని. ఈసారి ఊరికి పోతే అక్క చేత దండం పెట్టించుకుంటా" అనేది. ఇంకా, "ఆయమ్మకు పాస్‌పోర్టే లేదంటరా. ఆమె పేరుతోనే అందరికీ ఇస్తారు గాబట్టి ఆమెకు అవసరం లేదంట. నాకూ చేతిలో లే. మామా బీరువాలో ఉండాది" అనేది.

ఒక్క కథ దగ్గర మాత్రం నవ్వేది కాదు. రాణి వాళ్ల నాన్న చనిపోయినప్పుడు ఆమె దేశంలో లేదు, ఎక్కడో ఆఫ్రికాలో ఉంది. కబురు తెలియగానే విమానం ఎక్కి వెళ్లింది. మా తాత పోయినప్పుడు చిన్నమ్మ ఇక్కడుంది. ఎండాకాలం, మామా వాళ్లంతా యూరప్ వెళ్లారు. బీరువాకు తాళం. తాళంచెవి వాళ్లతోనే పోయింది. "ఆయమ్మ విమానం ఎక్కింది. నేను ఎవురూ లేని ఇంట్లో కడిగిన గిన్నెలే మల్లా కడిగినా" అని, సంచులు లోపల పడేసి, ఇంకా ఐదు నిమిషాలుండగానే వెళ్లిపోయింది.

పోయిన ఏడాది ఆ ఇంటి పిల్లలు ఆమెకు కేకు కోశారు. వాళ్లను ఎత్తి పెంచింది ఆమే. ఇక్కడి గుర్తింపు కార్డులో తేదీ చూసి కొవ్వొత్తులు పెట్టారట. నలభై ఏడని అంకెలు. మామా కూడా నోట్లో ముక్క పెట్టిందట. శుక్రవారం నాకో ముక్క కాగితంలో చుట్టి తెచ్చింది.

"నీకు ముప్పై ఎనిమిదే కదా. చెప్పకపోతివా?"

"చెప్తే ఏమయితాదో నీకు తెల్దా? తొమ్మిదేండ్లు ఎత్తుకొచ్చిన దొంగనయితా." కేకు నా చేతిలో పెట్టి, "నేను సచ్చినప్పుడన్నా నా వయసు సరిగ్గా చెప్పురా. ల్యాకుంటే పైన గూడా కార్డు సూసి లెక్కేస్తారు" అంది.

నేను కేకు తింటూ సరే అన్నాను.

ఆ మాట నిలబెట్టుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

ఆ రోజు ఆమెను కంగారులో కార్డు లేకుండానే ఆస్పత్రికి తెచ్చారు. నేను షువైఖ్ నుంచి గ్రీజు చేతులతో పరుగెత్తాను. కిటికీ దగ్గర గుమాస్తా పేరు అడిగాడు, దేశం అడిగాడు, వయసు అడిగాడు. నేను ముప్పై తొమ్మిది అన్నాను. పుట్టినరోజు అడిగితే మా అమ్మ చెప్పే రోజే చెప్పాను. రాసుకున్నాడు. ఎందుకో ఆ క్షణాన కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు మామా చిన్నమ్మ కార్డు పంపింది. అందులో నలభై ఎనిమిది. ఇక ఏ ఆఫీసుకు వెళ్లినా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, వీళ్లు ఇద్దరు ఆడవాళ్లా అని అడిగారు. శవాలను ఊరికి పంపే పనుల్లో మనవాళ్లకు సాయం చేసే పెద్దాయన ఒకరున్నారు, కోనసీమ ఆయన. నా కాగితాలు చూసి తల పట్టుకున్నారు.

"ఎందుకయ్యా నిజం చెప్పావ్?"

"ఆమె చెప్పమంది సార్."

"ఆవిడకేమయ్యా, వెళ్లిపోయింది. తిరగాల్సింది మనం కదా. ఇక్కడ కార్డులో ఎంతుంటే అంతే వయసు బాబూ. మనిషికి వేరే వయసుండదు."

పదకొండు రోజులు తిరిగాం. ఈలోపు ఊళ్లో మా అమ్మ రోజూ ఫోను. "అది ఎప్పుడొస్తాదిరా?" "రెండు రోజులమ్మా." "పాప కూడు తినడం లే. మొగం చూడనిస్తారా?" "చూడనిస్తారమ్మా." ఆ పాపకు ఇప్పుడు పద్దెనిమిదేళ్లు. తల్లిని మొత్తం కలిపి అయిదు సెలవుల్లో చూసింది. ఇంకా ఆలస్యమైతే పెట్టె తెరవొద్దంటారని పెద్దాయన చెప్పారు. ఆ మాట అమ్మకు చెప్పలేదు.

చివరికి దారి ఒకటే తేలింది. ఆస్పత్రిలో చెప్పింది తప్పని నేను రాసివ్వాలి. నలభై ఎనిమిదే నిజమని సంతకం పెట్టాలి. అరబ్బీలో టైపు చేసిన కాగితం పెద్దాయన నా ముందు పెట్టారు. చదవడం రాదు కదా, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

"పెట్టు బాబూ. కూతురు ఎదురు చూస్తోంది" అన్నారాయన.

పెట్టాను. కాగితాలు వాళ్లు తెస్తారు, సంతకం మనం పెట్టాలి.

మామా టికెట్టు ఖర్చంతా ఇచ్చింది. నేను సామాను కోసం వెళ్లినప్పుడు గడప దగ్గర కూలబడి ఏడ్చింది. ఆమెను తిట్టాలని అయిదేళ్లుగా దాచుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. సామాను ఎక్కడుందని మాత్రం అడిగాను. మొదటిసారి నన్ను మిద్దె మీదికి పంపింది. తీగ మీద దుప్పట్లు ఇంకా అలాగే ఉన్నాయి, ఎండకు అట్టల్లా బిగుసుకుపోయి. కింద ఒక బిస్కెట్ల డబ్బా. రాణి గద్దెనెక్కి అరవై ఏళ్లయిన ఏడాది టీచరమ్మ పని ముగించుకుని తన దేశం వెళ్లిపోతూ ఇచ్చిందట. మూత మీద రాణి బొమ్మ. చిన్నమ్మ అందులో బట్టల క్లిప్పులు వేసుకునేది. ఎండకు బొమ్మలో ముఖం వెలిసిపోయింది. దుప్పట్లు తీసి మడత పెట్టాను. డబ్బా తెచ్చుకుందామనుకున్నాను గానీ, క్లిప్పులు ఆ ఇంటివి కదా. అక్కడే వదిలేశాను.

పెట్టెతో పాటు నేను వెళ్లలేకపోయాను. అయిదో పనికి మారుతున్నాను. పాత ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిటు, తీసేశారు, కొత్తది రాలేదు, పాస్‌పోర్టు ఆఫీసులో ఉంది. ఇది ఎవరూ నాకు చేసింది కాదు, నేను చేసుకున్నదే. ఒక్కచోట ఉండమని ఆమె ఎందుకు చెప్పిందో ఎయిర్‌పోర్టు కార్గో గేటు బయట నిలబడితే అర్థమైంది.

పాప ముఖం చూసుకుంది. అంతవరకు జరిగింది. అన్నీ అయ్యాక అమ్మ ఫోన్ చేసింది. పాప కాస్త కూడు తిన్నదని చెప్పింది. తర్వాత, "పెట్టె మింద నలభై ఎనిమిదని రాసినారురా. ఈమె నీకు అక్కనా అని పక్కూరోళ్లు అడిగిరి" అంది.

"నువ్వేమన్నావమ్మా?"

"ఏమంటా. ఔనంటి. దండం పెట్టినాలే."

అందుకే ఇది రాస్తున్నాను. ఇంతకన్నా నేను చేయగలిగింది లేదు. మా చిన్నమ్మకు ముప్పై తొమ్మిదేళ్లు. ఉగాది వెళ్లిన మూడో రోజు, చింతచెట్ల కింద కాయలు ఏరుతుంటే మా అవ్వకు నొప్పులొచ్చి, పుట్టింది. ఇది ఏ కార్డులోనూ లేదు. మీరన్నా గుర్తుపెట్టుకోండి.

మొన్న శుక్రవారం కాళ్లు వాటంతటవే అటు తీసుకెళ్లాయి. పది గంటలు. చెత్తడబ్బా దగ్గర ఎవరెవరో నిలబడి గబగబా మాట్లాడుకుంటున్నారు. నేను ఎదురు గోడ పక్కన నిలబడ్డాను. మిద్దె మీద కొత్తమ్మాయి, ఏ దేశమో, తడి దుప్పటితో తంటాలు పడుతోంది. చంకలో ఆ బిస్కెట్ల డబ్బా. నేనెంత వద్దనుకున్నా చెయ్యి లేచింది. మోచెయ్యి కదలకుండా, మణికట్టు మాత్రం మెల్లగా. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరికోనేమో అని. ఎవరూ లేరు. నోట్లో క్లిప్పు అలాగే పట్టుకుని, కాసేపు ఆలోచించి, తనూ చెయ్యి ఎత్తింది.