ఆకుపచ్చ టిక్కులు

షుగరు క్లినిక్కులో ఆ నర్సుని అందరూ హెడ్మాస్టరమ్మ అనేవారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. ప్రతి గురువారం పేషెంట్లు ఇంట్లో చూసుకున్న షుగరు అంకెలు రాసిన నోటుపుస్తకాలు పట్టుకొచ్చేవారు. అంకె బాగుంటే ఆవిడ ఆకుపచ్చ టిక్కు పెట్టేది. బాగోకపోతే ఎర్రసిరాతో సున్నా చుట్టి, వరండాలో కూర్చున్న నలుగురికీ వినపడేలా చదివేది.

"మూడొందల పది. ఏం బాబాయ్, స్వీటు షాపుకి కాపలా పెట్టారా మిమ్మల్ని?"

అందరూ నవ్వేవారు. బాబాయ్ కూడా నవ్వేవాడు.

ఆ ఏడు నర్సింగు చదివే అమ్మాయిలకు పాఠం చెప్పే పని కూడా ఆవిడ మీద పడింది. మనుషులు మంచి అలవాట్ల వైపు ఎందుకు కదులుతారన్నది పాఠం. భయపెడితే కదిలినా నిలవరు. దానివల్ల తనకు మేలుందని తోచాలి, తను చెయ్యగలనన్న నమ్మకం కుదరాలి, అయినవాళ్ళు చెయ్యందించాలి, దారిలో అడ్డంకులు తొలగాలి. పుస్తకంలో ఉన్నదంతా ఆవిడ ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. ఉదాహరణకి ఒక టైలరు నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ఐదు నెలలుగా అన్నీ టిక్కులే.

"నమ్మకం కుదిరిన మనిషంటే ఈయనే."

మూడో వరసలో అమ్మాయి లేచింది. "మేడమ్, అన్ని రోజులూ ఒకే పెన్నుతో రాశారు. ఒక్క కొట్టివేత కూడా లేదు."

"బట్ట కుట్టే చెయ్యమ్మా, రాత కూడా కుదురుగానే ఉంటుంది. నీ రాత చూసుకో ముందు."

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది.

తరవాతి గురువారం టైలరు రాలేదు. మర్నాడు అతని భార్య వచ్చి, సర్జరీ వార్డులో చేర్చామని చెప్పింది. నర్సు వెంటనే వెళ్ళింది. కాలి బొటనవేలు పుండుపడి నల్లబడి ఉంది. షుగరు నాలుగొందలు దాటింది. రెండు రోజుల్లో దారికి రాకపోతే వేలు తీసెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

"మరి పుస్తకంలో అంకెలు?" అంది నర్సు.

టైలరు గోడవైపు చూశాడు. భార్యే చెప్పింది. "బుధవారం సాయంత్రం కూచుని వారానికి సరిపడా రాసేసేవారమ్మా. షుగరు చూసే స్ట్రిప్పులు డబ్బాలో అలాగే ఉన్నాయి."

"ఎందుకలా చేశారు టైలరు గారూ?"

"ఒకసారి ఎర్ర సున్నా చుట్టారు కదమ్మా, ఆర్నెల్ల కిందట. 'టైలరు గారు తన కొలతే తప్పు తీశారు' అన్నారు మీరు. వరండాలో నా కొట్టుకొచ్చేవాళ్ళు ఇద్దరున్నారు. జాకెట్టు ఇవ్వడానికొచ్చిన ప్రతి ఆవిడా అదే మాట. నెల్లాళ్ళు అన్నారు."

ఆ జోకు నర్సుకి గుర్తుంది. ఆ రోజు ఇంటికెళ్ళి భర్తకు కూడా చెప్పి నవ్వుకుంది.

"పుండు ఎప్పుడు చూశారు?"

"మూడు వారాలైంది. మిషను తొక్కుతుంటే సాక్సుకి రక్తం అంటింది. నొప్పేం తెలీలేదు. మీకు చూపిద్దామనే బయల్దేరా. చూపిస్తే పుస్తకం సంగతి బయటపడుతుందిగా."

నాతో చెప్పొచ్చు కదా అన్న మాట నర్సు గొంతుదాకా వచ్చింది. చెప్పుకునే చోటు తను ఎక్కడుంచింది గనక? తల కొట్టేసినట్టయింది. ఆ మాట మింగేసి, పక్కమీది దుప్పటి అనవసరంగా సర్దింది.

ఆదివారం వేలు తీసేశారు.

సోమవారం క్లాసులో ఆవిడ మూడో వరస వైపు చూసి చెప్పింది: "నువ్వు అడిగింది నిజమేనమ్మా. ఆ అంకెలు అబద్ధం. ఆయన దారిలో అడ్డంకి నేనే." ఎవరూ నవ్వలేదు. కొందరు అలవాటు కొద్దీ అది కూడా రాసుకున్నారు.

మంగళవారం వార్డుకెళ్ళి తనే టైలరు చేతివేలికి సూది గుచ్చి షుగరు చూసింది. పక్కమంచం వాళ్ళు ఇటే చూస్తున్నారు. ఆవిడ వంగి, అతనికి మాత్రమే వినపడేలా చెప్పింది.

"రెండొందల అరవై ఎనిమిది."

అతను ఇంకేదో అంటుందని ఎదురుచూశాడు. ఆవిడ అతని వేలిమీద దూది అదిమింది.

"తిట్టరా అమ్మా?"

"తిట్టను."

టైలరు నమ్మలేదు. దుప్పటి లాక్కుని కట్టుకట్టిన పాదం దాచుకున్నాడు.