చెరకు గట్టున ముగ్గురు అధికారులు

మా ద్వీపానికి స్వాతంత్ర్యం రావడానికి కొన్నేళ్ల ముందు నేను నీటి సంస్థలో గుమాస్తాని. మా ఊరు షెమాన్ గ్రెనియే చుట్టూ ఉన్న చెరకు పొలాల్లో కొంత భాగం ఒకప్పుడు మా తాతది. నా కాలానికి మాకు మిగిలింది రెండు గదుల ఇల్లు, వంగని మెడ. ఇంట్లో కూరకు ఏమీ లేకపోయినా పక్కింటి నుంచి అమ్మ కరివేపాకు రెబ్బ కూడా అడిగేది కాదు. నేనూ అంతే.

ఆ ఏడు మా అక్క కడుపుతో ఉంది. అంతకుముందు కాన్పుకు దూరపు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే బిడ్డ పోయింది. ఈసారి ఊళ్లోనే కొత్త డిస్పెన్సరీ కట్టారు, కానీ తలుపుకు తాళం. నీళ్లు లేని చోటికి నర్సును పంపబోమని ఆరోగ్య శాఖ అంది. మేము గొట్టం వేయాలంటే రోడ్డు తవ్వాలి, దానికి రోడ్ల శాఖ అనుమతి కావాలి. చెరకు కోత మొదలైతే బండ్ల రద్దీలో తవ్వనివ్వరు. కోతకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

మూడు శాఖలూ ఉత్తరాలు రాసుకుంటున్నాయి. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట: మా కార్యాలయానికి వచ్చి మాట్లాడండి. ఎవరూ కదలరు. మా పై అధికారిని అడిగితే, అవసరం వాళ్లది, మనమెందుకు వెళ్లాలి అన్నాడు. ఆ జబ్బు నాకు కొత్త కాదు. మా ఇంట్లో తరతరాలుగా ఉన్నదే.

అందుకే డిస్పెన్సరీ ఎదురుగా చెరకు గట్టున కలుద్దామని రెండు శాఖలకూ ఉత్తరం టైపు చేసి, మా అధికారి చేత సంతకం చేయించాను. గట్టు ఎవరి కార్యాలయమూ కాదు.

ఆ ఉదయం మా ఊరి భజన పెద్ద అయిన మా మేనమామ మూడు కుర్చీలు మోసుకొచ్చాడు. తీసుకెళ్లిపొమ్మన్నాను.

"గ్రాన్ మిస్యేలు, అంతటి పెద్ద దొరలు వస్తుంటే నిలబెడతావా? మీ తాత కూలీల సర్దారు, నువ్వు కాగితాల సర్దారువి. మర్యాద మాత్రం నేర్వలేదు."

"చేతులున్న కుర్చీ ఒకటే ఉంది మామా. అందులో ఎవరు కూర్చోవాలి?"

మామ కుర్చీల వంక చూశాడు. "వ్రే, నిజమేరా," అని గొణిగి మూడింటినీ మోసుకెళ్లాడు.

ముగ్గురు అధికారులూ ఎండలో నిలబడి కాసేపు తుఫానుల గురించి మాట్లాడుకున్నారు. చివరికి ఆరోగ్య శాఖాయన ప్లాను తీశాడు. పరచడానికి చోటు లేక రోడ్ల ఇంజినీరు కారు బానెట్ మీద వేశాడు. గాలికి లేచిపోతుంటే తలో మూలా పట్టుకున్నారు. ఇంజినీరు పెన్సిలుతో గీత గీసి, ముందు సగం రోడ్డు, తర్వాత మిగతా సగం తవ్వుకోండి, బండ్లు ఆగవు అన్నాడు. అరగంటలో మూడు సంతకాలూ అదే కాగితం మీద పడ్డాయి. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ఊరికి గొట్టం వేయాలన్నా వాళ్లు ఉత్తరాలు మానేసి గట్టునే కలిసేవారు.

కోత కత్తులు పొలంలో దిగకముందే కందకం పూడ్చేశారు. కొళాయిలో మొదట ఎర్రనీళ్లు, తర్వాత తేటనీళ్లు వచ్చాయి. నర్సు వచ్చి చేరింది.

అక్కకు నొప్పులు మొదలైన రోజు మేం ఆమెను నడిపించుకునే తీసుకెళ్లాం. నర్సు కొళాయి తిప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికి వెళ్లింది. మధ్యాహ్నానికి పాప ఏడుపు వీధిలోకి వినిపించింది. నేను ఎవరి ముందూ చెయ్యి చాపకుండా తెప్పించిన నీళ్లతోనే ఆ పాపకు మొదటి స్నానం చేయించారు.